ఆన్ అని ఉంది సరే, తిరుగుతుందా?

సంక్రాంతి సెలవులకి బంటుమిల్లి దగ్గర మా బాబాయ్ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నా బ్యాగులో ఒక స్మార్ట్ ప్లగ్ ఉంది. విజయవాడలో మా ఫ్లాట్‌లో గీజర్‌కి పెట్టినదే, ఊడదీసి పట్టుకెళ్ళాను. కాలేజీ బస్సు బెంజ్ సర్కిల్ దాటగానే ఫోన్లో ఒకసారి నొక్కితే చాలు, ఇంటికి చేరేసరికి వేడినీళ్ళు రెడీ. బాబాయ్‌కి రొయ్యల చెరువులున్నాయి. రాత్రంతా ఏరేటర్లు తిరగాలి. మంచం మీద పడుకునే వాటిని ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు కదా అని నా ఐడియా. కొంచెం గొప్పలు పోదామని కూడా ఉంది, దాచడం ఎందుకు.

బాబాయ్ ప్లగ్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండే ప్రశ్నలు అడిగాడు.

"అమ్మాయ్, కరెంటు పోతే ఇది నాకు చెబుద్దా?"

"నువ్వు ఇక్కడ ఆన్ నొక్కావు. అక్కడ తిరుగుతుందని నీకెట్టా తెలుసు?"

నేను చదివేది కంప్యూటర్ సైన్సు. ఒక్కదానికీ సమాధానం రాలేదు. తర్వాత రెండు నెలలు చదివి, అడిగి, ఒక పాడైపోయిన ప్లగ్‌ని విప్పి చూసి తెలుసుకున్నదే ఈ వ్యాసం. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పుడు ఇలాంటి ప్లగ్గులు ఉన్నాయి కాబట్టి పనికొస్తుందనుకుంటున్నాను.

ముందు, ఆయన ఎందుకు అలా అడిగాడో చెప్పాలి. పగలు నీళ్ళల్లోని పచ్చటి నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత, అందరూ కలిసి ఆ ఆక్సిజన్‌ని వాడేసుకుంటారు. అందుకే తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కన్నా దిగితే రొయ్యకి ఇబ్బంది మొదలవుతుంది. ఇంకా దిగితే పైకి తేలుతుంది. ఏరేటర్ చక్రాలు నీళ్ళని చిలికి గాలి కలిపేది ఇందుకే. మూడేళ్ళ క్రితం ఒకరోజు అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. కాపలా మనిషి నిద్రలో ఉన్నాడు, జనరేటర్ వేసేవాళ్ళు లేరు. తెల్లారేసరికి ఒక చెరువు మొత్తం పోయింది. పట్టుబడికి ఇంకో మూడు వారాలే ఉంది. ఆ అప్పు ఇంకా తీరలేదని మా పిన్ని చెప్పింది. బాబాయ్ మాత్రం దాని గురించి మాట్లాడడు. కరెంటు పోతే చెబుద్దా అని మాత్రం అడుగుతాడు.

ఇప్పుడు ప్లగ్ లోపలికి వద్దాం. అందులో ఉండేవి ముఖ్యంగా మూడు. 230 వోల్టుల్ని చిప్‌కి సరిపడా దించే చిన్న పవర్ సప్లై, వైఫై ఉన్న ఒక చిప్, ఒక రిలే. షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ8266 లాంటి చవక చిప్పుల వల్లే ఇవి ఇంత తక్కువ ధరకి వస్తున్నాయి. రిలే అంటే కరెంటుతో కదిలే స్విచ్. చిప్ చెప్పగానే లోపలి తీగచుట్ట అయస్కాంతమై ఒక పట్టీని లాగుతుంది. మీరు వినే 'టిక్' అదే. ఈ టిక్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మీరు ఫోన్లో నొక్కిన ఆన్ నేరుగా ప్లగ్‌కి వెళ్తుందనుకుంటే పొరపాటు. మీరు పక్కగదిలో ఉన్నా చాలా ప్లగ్గుల విషయంలో అది ముందు కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, అక్కడి నుంచి మీ ఇంటి రౌటర్‌కి వచ్చి, అప్పుడు ప్లగ్‌కి చేరుతుంది. బయటివాళ్ళు పిలిస్తే రౌటర్ లోపలికి రానివ్వదు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లాగా. అందుకని ప్లగ్గే ముందుగా సర్వర్‌కి ఫోన్ చేసినట్టు చేసి, లైన్ కట్ చెయ్యకుండా పట్టుకుని కూర్చుంటుంది. ఆ లైన్ మీద మాట్లాడే భాష చాలా వాటిలో ఎంక్యూటీటీ. దాన్ని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు తయారుచేశారు, శాటిలైట్ లింకుల మీద ఆయిల్ పైపులైన్లని కనిపెట్టుకుని ఉండటానికి. ఎడారిలో పైపులైను కోసం పుట్టింది మా గీజర్ దాకా వచ్చింది.

బాబాయ్ మొదటి ప్రశ్నకి సమాధానం సరిగ్గా ఇందులోనే దొరికింది. కరెంటు పోతే ప్లగ్ కూడా పోతుంది. దానికి బ్యాటరీ లేదు. "కరెంటు పోయింది" అని చెప్పే అవకాశమే దానికి ఉండదు. మరి సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? ఎంక్యూటీటీలో 'లాస్ట్ విల్' అని ఒక ఏర్పాటు ఉంది, అంటే వీలునామా. ప్లగ్ లైను కలిపేటప్పుడే సర్వర్‌కి ఒక మాట రాసిచ్చి పెడుతుంది, "నేను చెప్పాపెట్టకుండా మాయమైతే ఈ కబురు అందరికీ చెప్పు" అని. తర్వాత ఫలానా ఇన్ని సెకన్లకి ఒకసారి "ఉన్నాను" అని పలకరిస్తూ ఉంటుంది. ఆ వ్యవధికి ఒకటిన్నర రెట్లు గడిచినా పలుకు లేకపోతే సర్వర్ వీలునామా చదువుతుంది. పలకరింపు 60 సెకన్లకి ఒకసారి అయితే సర్వర్ 90 సెకన్లు ఆగుతుంది. ఆ తర్వాత మీ యాప్‌లో 'ఆఫ్‌లైన్' అని పడుతుంది.

కానీ ఆఫ్‌లైన్ అంటే ఏమిటి? కరెంటు పోయి ఉండొచ్చు. నెట్ పోయి ఉండొచ్చు. రౌటర్ హ్యాంగ్ అయి ఉండొచ్చు. మా ఇంట్లో అయితే అమ్మ గోడ స్విచ్ ఆపేసి ఉండొచ్చు, చాలాసార్లు అదే. నాలుగింటికీ యాప్ చూపించేది ఒకే మాట. గీజర్ దగ్గర ఇది చిన్న చికాకు. తెల్లవారుజామున చెరువుగట్టు మీద మాత్రం నెట్ పోయిందా, కరెంటు పోయిందా అన్న తేడాలోనే ఒక పంట ఉంది. దీన్ని కొంతవరకు సరిచెయ్యొచ్చు. రౌటర్‌ని ఒక చిన్న యూపీఎస్ మీద పెడితే, ప్లగ్ మాయమై రౌటర్ ఇంకా బతికే ఉంటే అది దాదాపు కరెంటే అని చెప్పొచ్చు. దాదాపే.

చెరువు దగ్గర బాబాయ్ ఏం వాడుతున్నాడో చూశాక నాకు కొంచెం సిగ్గేసింది. రేకుల షెడ్డులో ఒక రిలే, ఒక బ్యాటరీ, ఒక సైరన్. కరెంటు ఉన్నంతసేపూ రిలే పట్టీని లాగిపెట్టి ఉంచుతుంది. కరెంటు పోగానే స్ప్రింగు ఆ పట్టీని వెనక్కి నెడుతుంది, బ్యాటరీ సైరన్‌కి కలుస్తుంది. అంతే సర్క్యూట్. లోకల్ ఎలక్ట్రీషియన్ బిగించాడు. గమనించండి, ఇందులో కరెంటు పోవడమే కబురు. రిలేకి కరెంటు తెచ్చే తీగ తెగినా, రిలే చుట్ట కాలిపోయినా కూడా సైరనే మోగుతుంది. దీనికీ లోపం ఉంది, బ్యాటరీ చచ్చిపోతే గప్‌చుప్. అందుకని బాబాయ్ వారానికోసారి మెయిన్ దించి మోగుతుందో లేదో చూస్తాడు. మన యాప్‌ని మనలో ఎంతమందిమి అలా పరీక్షిస్తాం?

ఇక రెండో ప్రశ్న. ఇది మా ఇంట్లోనే జరిగింది. ఒకరోజు యాప్‌లో గీజర్ ఆన్ అని ఉంది, ముప్పావుగంట అయ్యింది, నీళ్ళు మంచులా ఉన్నాయి. గీజర్ లోపల వేడి మితిమీరకుండా ఆపే కటౌట్ పడిపోయిందట. యాప్ అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసింది అంతే. 'ఆన్' అంటే చిప్ రిలేకి ఆన్ చెప్పింది అని మాత్రమే అర్థం. రిలే నిజంగా కలిసిందా, కరెంటు పారిందా, నీళ్ళు వేడెక్కాయా, ఇవన్నీ వేరే వేరే ప్రశ్నలు. ఒక్కోదానికి ఒక్కో సాక్ష్యం కావాలి.

ఇంకో వంద, రెండొందలు ఎక్కువ పెడితే వాట్లు చూపించే ప్లగ్ వస్తుంది. నా ఉద్దేశంలో మీటరు లేని ప్లగ్ కొనడం దండగ. గీజర్ 2000 వాట్లదైతే వేడెక్కుతున్నంతసేపూ ఆ దరిదాపుల్లో చూపిస్తుంది, థర్మోస్టాట్ ఆపగానే సున్నాకి వస్తుంది. ఆన్ చేసిన నిమిషానికే సున్నా అని ఉంటే ఏదో తేడా. ఏరేటర్ మోటారుకైనా ఇదే లెక్క. చక్రానికి తాడో పీచో చుట్టుకుంటే మోటారు మామూలుకన్నా ఎక్కువ లాగుతుంది. గేరు తెగి మోటారు ఒట్టిగా తిరుగుతుంటే తక్కువ లాగుతుంది. అంకె చూసి అక్కడ ఏం జరుగుతుందో ఊహించొచ్చు.

దానికన్నా నమ్మకమైన సాక్షి నీళ్ళే. విజయవాడలోనే 2012లో మొదలైన ఏరువాక టెక్నాలజీస్ అనే కంపెనీ ఈ దారిలోనే వెళ్ళింది. చెరువులో తేలే పరికరంతో నీళ్ళల్లోని ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్ కొలిచి రైతు ఫోన్‌కి పంపడం, ఫోన్ నుంచి ఏరేటర్లని నడపడం వాళ్ళ పని. రొయ్యలు మేత తినే చప్పుడుని నీళ్ళల్లో మైకుతో విని, దాన్నిబట్టి మేత వేసే యంత్రం కూడా చేశారు. నెదర్లాండ్స్‌కి చెందిన న్యూట్రెకో అందులో పెట్టుబడి పెట్టింది. ఏరువాక అంటే తొలకరికి దుక్కి మొదలుపెట్టడం. స్టార్టప్‌కి ఇంతకన్నా మంచి పేరు నేను వినలేదు. వాళ్ళ పద్ధతిలో "తిరుగుతుందా" అన్న ప్రశ్న వెనక్కి వెళ్ళి "ఆక్సిజన్ ఉందా" అన్నది ముందుకొచ్చింది. అసలు కావలసింది అదే కదా.

బాబాయ్ అడగని మూడోది ఒకటుంది. నేనే అడగాల్సింది. పోయిన కరెంటు తిరిగొస్తే ప్లగ్ ఏం చెయ్యాలి? చాలా యాప్‌లలో దీనికి ఒక సెట్టింగ్ ఉంటుంది: ఆఫ్‌లోనే ఉండు, ఆన్ అయిపో, ఇందాక ఎలా ఉన్నావో అలాగే ఉండు. మనం దాన్ని తెరిచి కూడా చూడం. పల్లెల్లో రైతులకి ఇది బాగా తెలిసిన విషయం, అక్కడ దీని పేరు ఆటో స్టార్టర్. కరెంటు వేళాపాళా లేకుండా వచ్చే రోజుల్లో, రాత్రిపూట పొలానికి వెళ్ళక్కర్లేకుండా మోటారు దానంతటదే లేచేలా పెట్టుకున్నారు. ఊళ్ళో అన్ని మోటార్లూ ఒకే క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువో ఊహించుకోండి, మోటారు లేచేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్లు లాగుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు, ఆటో స్టార్టర్లు తీసెయ్యండని ప్రభుత్వం ప్రచారం చేసింది. రోజంతా కరెంటు ఉంటే మోటారు అవసరం లేకపోయినా తిరిగి భూమిలో నీళ్ళు ఖాళీ అవుతాయని. అప్పుడు సాయం చేసిన పెట్టె ఇప్పుడు నష్టం చేసేదైంది.

కాబట్టి గీజర్‌కి, మోటారుకి 'ఆఫ్‌లోనే ఉండు' పెట్టండి. ఫ్రిజ్‌కి, చేపల తొట్టికి 'ఆన్ అయిపో'. ఇస్త్రీపెట్టెకి అసలు స్మార్ట్ ప్లగ్ పెట్టకండి. మనిషి ముందు లేకుండా వేడెక్కకూడని వస్తువు అది.

ఆంపియర్ల సంగతి గబగబా చెప్పేస్తాను. మన సాకెట్లు 6 ఆంపియర్లవి, 16 ఆంపియర్లవి. 6 ఇంటూ 230, అంటే 1380 వాట్లు. 2000 వాట్ల గీజర్‌కి దాదాపు 8.7 ఆంపియర్లు కావాలి, అందుకని 16 ఆంపియర్ల ప్లగ్గే వాడాలి. మోటార్ల దగ్గర అదీ చాలకపోవచ్చు. లేచేటప్పుడు లాగే ఆ ఐదారు రెట్ల కరెంటుకి రిలే పట్టీ కొసలు కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు టిక్ వినిపించకపోయినా యాప్‌లో ఆఫ్ అని పడుతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇక బాబాయ్ ఏరేటర్లకి ఉన్నది త్రీ ఫేజ్. నా ప్లగ్ చూసి ఆయన, "ఇది ఒక్క ఫేజే కదమ్మా, మిగతా రెండూ ఎవరు చూస్తారు?" అన్నాడు. మూడిట్లో ఒక ఫేజ్ పోయినా మోటారు కాలిపోతుంది. దానికి స్టార్టర్ బాక్సు, ఫేజ్ ప్రివెంటర్ ఉండాల్సిందే.

సర్వర్ల మీద ఆధారపడటం గురించి కూడా రాద్దామనుకున్నాను కానీ రెండు ముక్కల్లో అయిపోయేదే. అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ 2022 ఏప్రిల్‌లో చెప్పకుండా సర్వర్లు ఆపేసింది, జనం ఇళ్ళల్లో యాప్ పనిచెయ్యడం మానేసింది. బెల్కిన్ తన వీమో పరికరాల్లో చాలావాటికి 2026 జనవరి 31తో సపోర్ట్ తీసేసింది. కొనేముందు నెట్ లేకుండా ఇంట్లో వైఫై మీదే పనిచేస్తుందా అని చూసుకోండి. మ్యాటర్ గుర్తు ఉన్నవి అలా పనిచేస్తాయి.

ఉగాదికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఏరేటర్ల జోలికి పోలేదు. షెడ్డులో లైటు ఉన్న సాకెట్‌కి మీటరున్న ప్లగ్ ఒకటి పెట్టి, రౌటర్‌ని యూపీఎస్ మీద పెట్టి, ప్లగ్ ఆఫ్‌లైన్ అయితే నా ఫోనూ బాబాయ్ ఫోనూ మోగేలా ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఊళ్ళో లేనప్పుడు ఆయనకి పనికొస్తుందని.

రెండో రోజు రాత్రి పదిన్నరకి కరెంటు పోయింది. అదే క్షణంలో గట్టు మీద సైరన్ మోగింది. బాబాయ్ లుంగీ ఎగ్గట్టి టార్చి పట్టుకుని పరిగెత్తాడు. జనరేటర్ స్టార్టయింది, ఏరేటర్లు తిరగడం మొదలైంది. ఆయన తిరిగొచ్చి మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతుంటే మా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.

"ఏమంటుందమ్మా?" అన్నాడు.

"కరెంటు పోయిందంట, బాబాయ్."