కోడ్ రాసేది యంత్రం... పూచీ ఎవరిది?

గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఒక ఆఫీసు. పొద్దున్నే డెవలపర్‌కి ఒక టికెట్ వస్తుంది: బిల్లు కట్టిన కస్టమర్‌కి రసీదు రెండుసార్లు వెళ్తోంది, సరిచేయాలి. అయిదేళ్ల కిందటైతే ఆ అబ్బాయో అమ్మాయో ముందు ఆ పొరపాటు తమ కంప్యూటర్‌లో మళ్లీ కనబడేలా చేసేవారు. ఫైళ్లన్నీ తిరగేసేవారు. స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైట్‌లో ఎవరో ఎప్పుడో ఇచ్చిన జవాబు వెతికేవారు. పక్క సీట్లోని సీనియర్‌ని అడిగేవారు. సాయంత్రానికి నాలుగు లైన్లు మారేవి. ఇవాళ అదే టికెట్‌ని కాపీ చేసి కర్సర్, కోపైలట్, క్లాడ్ కోడ్ లాంటి ఏదో ఒక ఏఐ టూల్‌కి ఇస్తున్నారు. ఆ టూల్ తనే ఫైళ్లు తెరుస్తుంది, తప్పెక్కడుందో పట్టుకోవడానికి చూస్తుంది, కోడ్ మారుస్తుంది, టెస్టులు నడుపుతుంది, ఫెయిలైతే ఎర్రర్ చదివి మళ్లీ మారుస్తుంది. టీ తాగి వచ్చేసరికి మార్పు సిద్ధంగా ఉంటుంది.

అది సరైన మార్పా కాదా తేల్చాల్సింది మాత్రం కుర్చీలో కూర్చున్న మనిషే. రసీదు రెండోసారి వెళ్లడం ఆగింది సరే, డబ్బు రెండుసార్లు కట్ అయ్యే దారేమైనా తెరుచుకుందా? ఆ ప్రశ్న టికెట్‌లో లేదు. అడగాలని తోచాలంటే ఆ బిల్లింగ్ వ్యవస్థ ఎలా నడుస్తుందో ముందే తెలిసుండాలి. సాఫ్ట్‌వేర్ పనిలో వచ్చిన మార్పంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. కోడ్ రాయడం చౌకైపోయింది. దాన్ని చదివి, అర్థం చేసుకుని, పూచీ పడటం ఖరీదైంది. ఈ రెండో పని ఎవరు నేర్పుతారు, ఎవరు నేర్చుకుంటారు అన్నది తెలుగు ఇళ్లకు చాలా దగ్గరి ప్రశ్న. హైదరాబాద్ నుంచి డాలస్ దాకా మనవాళ్లు ఎందరో ఈ పని మీదే బతుకుతున్నారు. ఇంకెందరో అదే ఆశతో ఇంజినీరింగ్ చదువుతున్నారు.

సాయం నుంచి స్వతంత్రం దాకా

2021 జూన్‌లో గిట్‌హబ్ సంస్థ కోపైలట్‌ని ప్రయోగాత్మకంగా బయటపెట్టినప్పుడు అది చేసిన పని చిన్నదే. మీరు ఒక లైన్ మొదలుపెడితే మిగతాది అందించేది. ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా ఉన్న అపారమైన కోడ్‌ని చదివించి తయారుచేసిన మోడల్ అది. ఇంతవరకు ఇలా ఉంది కాబట్టి ఇకమీదట ఏం రావచ్చో లెక్కగట్టి రాస్తుంది. మరుసటి ఏడాది జూన్‌లో నెలకు 10 డాలర్లకు అందరికీ అందుబాటులోకి వచ్చింది. నవంబరు చివరన చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటికీ ఇవి అడిగితే సాయపడేవే.

అసలు మలుపు ఏజెంట్లతో వచ్చింది. ఫైళ్లు తెరవడం, కమాండ్లు నడపడం, ఫలితం చూసి మళ్లీ ప్రయత్నించడం, ఈ పనులన్నిటికీ మోడల్‌కి అనుమతి ఇచ్చారు. దాని సత్తా ఎంత త్వరగా పెరిగిందో తెలియాలంటే ఒక పరీక్ష సంగతి చెప్పుకోవాలి. 2023 అక్టోబరులో ప్రిన్స్‌టన్, షికాగో విశ్వవిద్యాలయాల పరిశోధకులు 12 పైథాన్ ప్రాజెక్టుల్లో నిజంగా ఎదురైన 2,294 సమస్యల్ని ఏరి ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ అనే పరీక్ష పెట్టారు. వాళ్లు పరీక్షించినవాటిలో ముందు నిలిచిన మోడల్ కూడా రెండు శాతం పరిష్కరించలేకపోయింది. వాటిలోంచి మనుషులు సరిచూసి ఎంచిన 500 సమస్యల మీద 2025 నాటికి మోడళ్లు 70 శాతం దాటేశాయి.

కంపెనీల అధిపతుల మాటలూ అలాగే మారాయి. గూగుల్‌లో కొత్తగా రాసే కోడ్‌లో పావువంతుకు పైగా ఏఐ రాస్తోందని, ఇంజినీర్లు దాన్ని పరిశీలించి ఒప్పుకుంటున్నారని సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో చెప్పారు. మైక్రోసాఫ్ట్‌లో అది 20 నుంచి 30 శాతం దాకా ఉండొచ్చని మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పూర్వ విద్యార్థి సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో అన్నారు. అంతకు రెండు నెలల ముందు, ఓపెన్‌ఏఐ వ్యవస్థాపక బృందంలో ఒకరైన ఆండ్రే కర్పాతీ 'వైబ్ కోడింగ్' అన్న మాట పుట్టించారు. ఏం కావాలో చెబుతూ పోవడమే, కోడ్ వైపు చూడనే అక్కర్లేదు అన్నది దాని భావం. వారాంతంలో సరదాగా చేసి వదిలేసే ప్రాజెక్టులకు ఇది బాగానే ఉందని ఆయన అన్నారు. ఆ చివరి ముక్కని చాలామంది వదిలేశారు. మాట మాత్రం ప్రపంచమంతా పాకి, కాలిన్స్ నిఘంటువు దాన్ని 2025 సంవత్సరపు మాటగా ఎంచుకుంది.

గడియారం చెప్పిన సంగతి

నిజంగా పని వేగం పెరిగిందా? తొలి జవాబు ఉత్సాహంగానే వచ్చింది. గిట్‌హబ్ జరిపిన ఒక ప్రయోగంలో 95 మంది డెవలపర్లకు జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్ రాసే పని ఇచ్చారు. కోపైలట్ ఉన్నవాళ్లు సగటున గంటా 11 నిమిషాల్లో ముగిస్తే, లేనివాళ్లకు రెండు గంటల 41 నిమిషాలు పట్టింది. అయితే అది అందరూ కొత్తగా, ఖాళీ ఫైల్‌తో మొదలుపెట్టే పని. అలాంటి సర్వర్లు ప్రపంచంలో లెక్కలేనన్ని ఉన్నాయి, మోడల్ వాటిని ముందే చూసింది.

2025 జూలైలో మెటర్ అనే పరిశోధన సంస్థ వేరే రకం పరీక్ష ఫలితం ప్రకటించింది. ఈ విషయంలో వచ్చినవాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. ఈసారి 16 మంది ఆరితేరిన డెవలపర్లు. ఒక్కొక్కరు సగటున అయిదేళ్లుగా పనిచేస్తున్న తమ సొంత ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులు. మొత్తం 246 పనులు. ఏ పనికి ఏఐ వాడొచ్చో, దేనికి వాడకూడదో చీటీ తీసినట్టు నిర్ణయించారు. మొదలుపెట్టే ముందు వాళ్లు ఏఐతో 24 శాతం సమయం ఆదా అవుతుందనుకున్నారు. పని అయ్యాక, 20 శాతం ఆదా అయిందన్నారు. గడియారం చూస్తే, ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది.

ఇది 2025 ఆరంభంలో ఉన్న టూల్స్‌తో, కొద్దిమందితో చేసిన పరీక్ష. తర్వాత టూల్స్ మెరుగయ్యాయి కాబట్టి ఆ 19 శాతాన్ని రాతి మీద చెక్కినట్టు చూడకూడదు. మిగిలే పాఠం వేరే ఉంది: పనిలో ఉన్న నిపుణుడికి కూడా తాను వేగంగా వెళ్తున్నాడో నెమ్మదించాడో తెలియలేదు. స్క్రీన్ మీద లైన్లు జలజలా కదులుతుంటే పని అవుతున్నట్టే ఉంటుంది. అడగడం, ఎదురుచూడటం, వచ్చింది చదవడం, పనికిరానిది తీసేయడం, వీటికి పోయే సమయాన్ని మనసు లెక్కలో వేసుకోదు. మేనేజర్లు 'ఏఐ వచ్చింది కదా' అని గడువులు సగానికి కోసేముందు ఇది గుర్తుంచుకోవాలి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2025 సర్వేలో 84 శాతం డెవలపర్లు ఏఐ టూల్స్ వాడుతున్నామనో వాడబోతున్నామనో చెప్పారు. వాటి జవాబుల కచ్చితత్వాన్ని నమ్మమన్నవాళ్లు 46 శాతం, నమ్ముతామన్నవాళ్లు 33 శాతం. ఎక్కువమందిని చిరాకు పెట్టినవి దాదాపు సరిగ్గా ఉండి, పూర్తిగా సరికాని జవాబులు. పూర్తిగా తప్పైతే కంటపడుతుంది. దాదాపు ఒప్పైతే ప్రొడక్షన్ దాకా, అంటే కస్టమర్లు వాడే సిస్టమ్ దాకా వెళ్లిపోతుంది.

ప్రోగ్రామ్ ఎవరి బుర్రలో ఉంది?

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ఒక వ్యాసం రాశారు. ప్రోగ్రామ్ అంటే కాగితం మీద ఉన్న కోడ్ కాదని, దాన్ని రాసినవాళ్ల బుర్రల్లో ఉన్న అవగాహన అని ఆయన వాదన. ఏది ఎందుకు అలా పెట్టారు, ఏది మారిస్తే ఏది కూలుతుంది అన్నది కోడ్‌లోనూ డాక్యుమెంట్లలోనూ పూర్తిగా పట్టదు. ఆ టీమ్ చెదిరిపోతే ప్రోగ్రామ్ నడుస్తున్నా చనిపోయినట్టే అన్నారు. నలభై ఏళ్ల తర్వాత ఆ మాట కొత్త బరువుతో వచ్చి పడింది. ఎవరి బుర్రలోనూ ఎన్నడూ లేని కోడ్ ఇప్పుడు రోజూ పుడుతోంది.

దాని ఫలితాలు కనబడుతూనే ఉన్నాయి. 2025 జూలైలో అమెరికా వ్యాపారవేత్త జేసన్ లెమ్‌కిన్ రెప్లిట్ అనే కంపెనీ ఏఐ ఏజెంట్‌తో ఒక యాప్ తయారుచేస్తుండగా, మార్పులేవీ చేయొద్దని స్పష్టంగా చెప్పిన సమయంలో అది అసలు డేటాబేస్‌ని తుడిచేసింది. వెనక్కి తేవడం కుదరదని కూడా చెప్పింది, ప్రయత్నిస్తే కుదిరింది. రెప్లిట్ అధిపతి క్షమాపణ చెప్పి, టెస్ట్ డేటాబేస్‌నీ అసలు డేటాబేస్‌నీ వేరుచేసే ఏర్పాట్లు తెచ్చారు. అనుభవమున్న ఏ ఇంజినీరైనా మొదటిరోజే చేసే ఏర్పాటు అది.

ఇంకో ప్రమాదం ఇంత చప్పుడు చేయదు. అసలు ఉనికిలోనే లేని లైబ్రరీల, అంటే రెడీమేడ్ కోడ్ ప్యాకేజీల పేర్లను మోడళ్లు కల్పిస్తాయి. 16 మోడళ్లతో 5 లక్షల 76 వేల కోడ్ నమూనాలు రాయించి చూసిన పరిశోధకులకు, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు అయిదోవంతు అసలు లేనివేనని తేలింది. ఓపెన్‌సోర్స్ మోడళ్లలో ఈ జబ్బు ఎక్కువ, డబ్బు కట్టి వాడేవాటిలో తక్కువ. లేని పేరైతే ఇన్‌స్టాల్ కాదుగా అనుకోవద్దు. మోసగాడు ముందే ఆ పేరుతో ఒక ప్యాకేజీ చేసి పెట్టుకుంటే, కళ్లు మూసుకుని ఇన్‌స్టాల్ చేసినవారి కంప్యూటర్‌లోకి అది నేరుగా దిగుతుంది.

మేలు కూడా అంతే నిజం. 2024 ఆగస్టులో అమెజాన్ అధిపతి ఆండీ జాస్సీ, తమ పాత జావా అప్లికేషన్లను కొత్త వెర్షన్‌కి మార్చడంలో ఏఐ వల్ల 4,500 మంది డెవలపర్లు ఏడాదిపాటు చేసేంత పని ఆదా అయిందని లెక్క చెప్పారు. అలాంటి పని చేసినవాళ్లకు ఆ విసుగు తెలుసు. వైటూకే (2000 సంవత్సరపు తేదీల సమస్య) రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లిన తరం చేసింది ఇంచుమించు అలాంటి పనే: ఎవరో రాసి వెళ్లిపోయిన పాత కోడ్ ముందు కూర్చోవడం. ఇవాళ అలాంటి ప్రోగ్రామ్‌ని ఏఐ ముందు పెట్టి, ఈ భాగం ఏం చేస్తోందని అడిగితే నిమిషంలో వివరిస్తుంది. అర్థం చేసుకోవడానికి వాడితే ఇంత మంచి టూల్ ఈ రంగంలో ఇదివరకు లేదు. అర్థం చేసుకోవడం తప్పించుకోవడానికి వాడినప్పుడే చేటు.

కాజాలు కుట్టే పని

దర్జీ దుకాణంలో చేరిన కుర్రాడు మొదట కాజాలు కుడతాడు, గుండీలు కుడతాడు, హెమ్మింగ్ చేస్తాడు. అవి చేస్తూనే గుడ్డ స్వభావం, సూది నడక, మాస్టర్ కత్తెర ఎక్కడ ఆగుతుందో పట్టేస్తాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఫ్రెషర్లకు ఇన్నాళ్లూ ఇచ్చిన పని కాజాల పనే. చిన్న బగ్గులు సరిచేయడం, టెస్ట్ కేసులు రాయడం, రిపోర్టులో ఒక కాలమ్ చేర్చడం. క్లయింట్‌కి వాటి విలువ తక్కువ. ఫ్రెషర్‌కి అదే బడి. ఏఐ మొట్టమొదట తీసుకున్నది సరిగ్గా ఆ పనినే.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మన ఐటీ సర్వీసుల రంగం పిరమిడ్ ఆకారంలోనే పెరిగింది. కింద వేలాది ఫ్రెషర్లు, పైన కొద్దిమంది ఆర్కిటెక్టులు. కాలేజీల నుంచి గంపగుత్తగా తీసుకోవడం, ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ ప్యాకేజీ, కొన్ని నెలల శిక్షణ, ఆపైన గంటల లెక్కన క్లయింట్‌కి బిల్లు. గంటల్ని అమ్ముకునే వ్యాపారంలో గంటలు తగ్గించే టూల్ వస్తే పునాదే కదులుతుంది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే 12 వేలమందికి పైగా ఉద్యోగుల్ని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయివాళ్లు. ఏఐ ఇందుకు కారణం కాదని, నైపుణ్యాలకు తగ్గ పని దొరకకపోవడమేనని కంపెనీ చెప్పింది. ఆ మాట నిజమే అయినా, ఏ నైపుణ్యాలు చెల్లుతాయన్నది మారిపోతోందన్న సంగతి అందులోనే ఉంది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్‌యాల్ఫ్‌సన్ బృందం జీతాల రికార్డులు పరిశీలించి 2025 ఆగస్టులో చెప్పిన ప్రకారం, 22-25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి స్థాయి నుంచి దాదాపు 20 శాతం తగ్గాయి. అనుభవమున్నవారికి ఆ దెబ్బ తగల్లేదు. కరోనా కాలంలో అవసరానికి మించి తీసుకోవడం, వడ్డీరేట్ల పెరుగుదల కూడా కారణాలేనన్న వాదన ఉంది, అదీ కొట్టిపారేయలేం. ఎంఎస్ చేసి ఓపీటీలో (చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేయడానికిచ్చే అనుమతి) ఉద్యోగం వెతుక్కుంటున్న మన పిల్లల వయసు మాత్రం సరిగ్గా ఇదే.

జూనియర్లను తీసేసి ఏఐని పెట్టుకోవడం శుద్ధ తెలివితక్కువ ఆలోచన అని అమెజాన్ క్లౌడ్ విభాగం అధిపతి మాట్ గార్మన్ బహిరంగంగానే అన్నారు. పదేళ్ల తర్వాత ఏమీ నేర్చుకోనివాళ్లతో కంపెనీ ఎలా నడుస్తుందన్నది ఆయన ప్రశ్న. ఏఐ కోడ్‌ని తూకం వేయగల సీనియర్లంతా ఒకప్పుడు కాజాలు కుట్టి ఎదిగినవాళ్లే. ఆ మెట్టు తీసేస్తే 2035లో రివ్యూ చేసేవారెవరు?

కాబట్టి కంపెనీలు శిక్షణ పద్ధతి మార్చాలి. కోడ్ రాయించడం నుంచి చదివించడం వైపు రావాలి. ఏజెంట్ చేసిన మార్పులో తప్పు పట్టుకోవడం, ప్రొడక్షన్‌లో పడిపోయిన సిస్టమ్‌ని సీనియర్ పక్కన కూర్చుని లేపడం, క్లయింట్ అడిగినదానికీ నిజంగా కావలసినదానికీ తేడా కనిపెట్టడం ఫ్రెషర్‌కి మొదటి ఏడాదే నేర్పాలి. ఆ ఏడాది బిల్లు రాకపోవచ్చు, దాన్ని పెట్టుబడిగా చూడాలి.

కాలేజీల బాధ్యత ఇంకా పెద్దది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్ సీట్లలో పెద్ద వాటా కంప్యూటర్ సైన్స్‌దీ దాని అనుబంధ కోర్సులదీ. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు డబ్బిచ్చి తెచ్చుకునే అలవాటు ఏఐకి ముందే ఉంది. ఇప్పుడు డబ్బు కూడా అక్కర్లేదు. ల్యాబ్‌లో ఏఐని నిషేధించడం వల్ల ఒరిగేది లేదు. వాడనివ్వండి, తర్వాత విద్యార్థిని బోర్డు దగ్గర నిలబెట్టి ఈ ఫంక్షన్ ఎందుకుంది, ఈ లూప్ తీసేస్తే ఏమవుతుందని అడగండి. మార్కులు ఆ జవాబుకే వేయండి.

ఇక ఈ పత్రిక చదువుతున్న బీటెక్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ వారం ఏఐ మీకు రాసిచ్చిన ప్రోగ్రామ్‌ ఏదైనా ఒకటి తెరవండి. ప్రతి లైన్ ఎందుకుందో స్నేహితుడికి నోటితో చెప్పగలిగేదాకా దాన్ని సబ్మిట్ చేయకండి.