సముద్రం అడుగున వానల పద్దు

మామిడాకు మీద గుక్కెడు నీళ్లు చల్లి చూడండి. ఆకు తడవదు. నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. ఆ నునుపంతా ఆకు ఒంటినిండా ఉన్న సన్నటి మైనపు పూతది. లోపలి తడి ఎండకి ఆవిరైపోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటది. ఆకు రాలుతుంది, మట్టిలో కలుస్తుంది. మైనం మాత్రం ఓ పట్టాన కరగదు. వానకి కొట్టుకుపోయి వాగులోకి, వాగులోంచి నదిలోకి, అక్కణ్నుంచి కడలిలోకి చేరి అడుగున బురదలో పేరుకుపోతుంది. వేల ఏళ్ల తరవాత ఆ బురదని పైకి తీసి పరీక్షిస్తే... ఆనాటి నేల మీద ఏ మొక్కలు పెరిగాయో, వానలు పుష్కలంగా కురిశాయో మొహం చాటేశాయో చెప్పేస్తుంది!

ఏలూరు జిల్లా చింతలపూడికి సముద్రం కనుచూపు మేరలో ఎక్కడా లేదు. నూజివీడు రసాలకీ బంగినపల్లికీ పేరుపడ్డ మామిడి సీమ ఇది. ఇక్కడి రైతుకి ఏడాదంతా ఆకాశంతోనే లెక్క. పుష్యమాసంలో పూత నిలవాలి, మంచు మితంగా ఉండాలి, తేనెమంచు పురుగు పట్టకూడదు, కాయ ఊరే వేళ ఈదురుగాలి రాకూడదు. ‘మా చిన్నప్పుడు వానలు ఇలా ఉండేవి కావు’ అన్న మాట ఏ తోటలో కూర్చున్నా వినబడుతుంది. అది నిజమేనా? తాతల జ్ఞాపకం మహా అయితే వందేళ్లు. దేశమంతటికీ వర్షపాతం లెక్కలు ఓ క్రమంలో దొరికేదీ నూటయాభై ఏళ్ల నుంచే. అంతకు ముందు సంగతి ఎవరు చెప్పాలి?

నేలని గొట్టంతో తొలిచి పొరలు పైకి తీయడం చింతలపూడి వైపు కొత్తేం కాదు. గోదావరి లోయ బొగ్గు పొరలు ఈ ప్రాంతం కిందా ఉన్నాయి. వాటి ఆచూకీ కోసం భూగర్భ శాఖ ఇక్కడ బోర్లు వేసి రాతి కడ్డీల్ని బయటికి తీసింది. ఆ రాళ్ల వయసు పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. సముద్రంలోనూ అదే పని చేస్తారు. కాకపోతే అక్కడ వచ్చేది రాయి కాదు... మెత్తటి బురద!

గ్యాస్ కోసం వెళ్తే...

2006లో మన తీరానికి ఓ విచిత్రమైన ఓడ వచ్చింది. పేరు ‘జోయిడెస్ రిజల్యూషన్’. నడిమధ్యలో ఇనుప గోపురంలా డ్రిల్లింగ్ టవర్, దాని కింద ఓడ పొట్టలోనే సముద్రంలోకి తెరుచుకునే రంధ్రం. వచ్చింది వాతావరణం కోసం కాదు, గ్యాస్ హైడ్రేట్ల కోసం. మంచుగడ్డలా కనిపిస్తూ అగ్గిపుల్ల గీస్తే మండే పదార్థమది. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త తిమోతీ కోలెట్ ఆధ్వర్యంలో ఏప్రిల్ 28 నుంచి ఆగస్టు 19 దాకా మొత్తం 21 చోట్ల తవ్వారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓచోట ఏకంగా 128 మీటర్ల మందాన హైడ్రేట్ పొర బయటపడింది. పేపర్లన్నీ దాని గురించే రాశాయి.

గ్యాస్ సంగతి సరే. గోదావరి ముఖద్వారాలకు ఎదురుగా, సుమారు 1,270 మీటర్ల లోతున తీసిన ‘16ఎ’ అనే బోరు మీద మరికొందరి కన్ను పడింది. అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన లివియు జోసాన్, కమీలో పొంటోన్ల బృందమది. వాళ్లకి కావాల్సింది పైపైన ఉన్న తొమ్మిది మీటర్లలోపు మట్టే. అందులోనే 11 వేల ఏళ్ల చరిత్ర ఉంది మరి.

చదవడమెలా అంటారా? ఇసుక రేణువంత ఉండే ఫొరామినిఫెరా అనే జీవుల సున్నపు గుల్లలు ఆ బురదలో ఉంటాయి. గుల్లలోని కార్బన్ ఆ పొర వయసు చెబుతుంది. ఆక్సిజన్‌లో తేలిక రకం ఎక్కువుంటే ఆ కాలంలో సముద్రంపైకి వాన నీరు, నది నీరు బాగా చేరినట్టు. ఇక ఆకు మైనం. చెట్లూ వరీ ఒక పద్ధతిలో గాలిలోని కార్బన్‌ని తీసుకుంటాయి. ఎండని తట్టుకునే గడ్డి జాతులూ జొన్నా సజ్జా మరో పద్ధతిలో తీసుకుంటాయి. వీటి మైనంలో బరువైన కార్బన్ కాస్త ఎక్కువ. కాబట్టి ఏ పొరలో బరువు పెరిగిందో, ఆ కాలంలో అడవి పలచబడి మెట్ట మొక్కలు పెరిగినట్టే లెక్క.

2012లో వచ్చిన ఫలితం ఇదీ. ఒకప్పుడు గోదావరి పరీవాహకమంతా ఇప్పటికన్నా తడిగా ఉండేది. సుమారు 4,000 ఏళ్ల క్రితం నుంచి మెట్ట మొక్కలు ఎక్కువవుతూ వచ్చాయి. 1,700 ఏళ్ల కిందట ఆ కరవుదనం ఇంకా ముదిరి, తరవాత అలాగే నిలిచిపోయింది. అంటే మనం ‘మామూలు’ అనుకుంటున్న దక్కను నేల నిజానికి తడి తగ్గిన నేల! తమాషా ఏంటంటే, ఈ ఎండుకాలంలోనే దక్కనులో జనం ఒకచోట స్థిరపడి సేద్యం మొదలెట్టారు.

కొట్టుకుపోయింది మన దుక్కే

అదే బోరు మట్టి మీద 2017లో జోసాన్ బృందం ఇంకో సంగతి చెప్పింది. వానలు తగ్గాయి కాబట్టి నది తెచ్చే మట్టీ తగ్గాలి కదా? పెరిగింది! ఎందుకో రైతుకి వివరించక్కర్లేదు. కరవుకి పచ్చదనం పోతే నేల బోసిపోతుంది. ఆ బోసి నేల మీద ఒక్క జోరువాన పడితే చాలు, పైమన్నంతా వాగుపాలు. కరవు మొదలెట్టిన పనిని ఆపైన వ్యవసాయం మరింత ముందుకు తీసుకెళ్లిందట. ఇనుప పనిముట్ల కాలంలో సేద్యం విస్తరించాక కోత ఇంకా పెరిగింది. సముద్రం అడుగున ఉన్నది చాలామట్టుకు మన పూర్వీకుల చేల మన్నే అన్నమాట.

ఇప్పుడు కథ తిరగబడింది. ఆనకట్టలు మట్టిని ఆపేస్తున్నాయి. 1970-79 మధ్య గోదావరి సగటున ఏడాదికి 15 కోట్ల టన్నుల ఒండ్రు మోస్తే, 2000-06 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె.నాగేశ్వరరావు బృందం 2010లో లెక్కగట్టింది. డెల్టా అంచుని సముద్రం కోసేస్తోందంటే కారణాల్లో ఇదొకటి.

ఇంతకీ రేపటి వానల మాటేంటి? అదే ఓడ 2014 చివర్లో మళ్లీ బంగాళాఖాతానికి వచ్చింది, ఈసారి కేవలం రుతుపవనాల కోసమే. ఒడిశాలో మహానదికి ఎదురుగా తీసిన మట్టిలో 9 లక్షల ఏళ్ల వానల జాడ దొరికింది. స్టీవెన్ క్లెమెన్స్ బృందం 2021లో ప్రకటించిన దాని సారాంశమిది: గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, ధ్రువాల మంచు తగ్గినప్పుడల్లా మన నైరుతి వానలు పెరిగాయి. కంప్యూటర్లు వేస్తున్న అంచనా కూడా అదే... వానలు ఎక్కువ, తీరు మాత్రం నిలకడ లేకుండా. మామిడి తోటకి ఇది శుభవార్తేం కాదు. మొత్తం మీద ఎన్ని సెంటీమీటర్లు కురిసిందన్నదానికన్నా పూతకాలంలో కురిసిందా, కోతకాలంలో కురిసిందా అన్నదే దానికి ముఖ్యం. పద్దులో ఆ వివరం లేదు. బురద వందల ఏళ్ల సగటుని చెప్పగలదు గానీ మాఘమాసంలో పడిన ఒక్క జల్లుని గుర్తుపెట్టుకోలేదు.

ఆ ఓడ 2024లో పని చాలించింది. తెచ్చిన మట్టి మాత్రం భద్రంగా ఉంది. ప్రతి గొట్టాన్నీ నిలువునా రెండుగా చీల్చి ఒక సగాన్ని పరీక్షలకు వాడతారు, రెండో సగాన్ని దాచిపెడతారు. మహానది ఎదుటి ఆ బురద ఇప్పుడు జపాన్‌లోని కొచ్చిలో (మన కేరళ కొచ్చి కాదు!) ఓ శీతల గిడ్డంగిలో, నాలుగు డిగ్రీల చలిలో వరసగా పేర్చి ఉంది.