ఆపదవేళ హాస్యం

నాగయ్యగారు వేషం కట్టిన రామవిలాస సభ వెలసిన మన చిత్తూరుసీమలో ‘సహాయార్థ ప్రదర్శనం’ ఎరుగనివారుండరు. నటుడు శ్రమ ఇస్తాడు, ప్రేక్షకుడు టిక్కెట్టు కొంటాడు, సొమ్ము బాధితులకు చేరుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ధ్వంసం చేసింది. నవంబరు 30న తెలుగు చిత్రసీమ హైదరాబాదులో జరిపిన ‘మేము సైతం’ ఈ పద్ధతినే టెలివిజను కెక్కించింది: పాటలు, హాస్యనాటికలు, విరాళాలు. పేరు శ్రీశ్రీ ప్రసాదం.

ఇళ్లు కూలినవేళ నవ్వులేమిటని కొందరికి తోచవచ్చును. కాని కన్నీటిని ఎంతసేపు చూడగలం? హాస్యగాడు మనలను కూర్చోబెడతాడు. చేయి జేబుదాకా పోవడానికి వ్యవధి దొరుకుతుంది.

1986లో లండనులో ‘కామిక్ రిలీఫ్’ సంస్థ కరవు బాధితులకై హాస్యనటులను, గాయకులను ఒకే వేదికపై కూర్చి, ఆ ప్రదర్శనను రికార్డుగా అమ్మింది. సభికుల నవ్వు కూడ అందులో వినవచ్చును. ఇంట ఒంటరిగా వినేవానికి ఆ నవ్వే తోడు.