కార్బన్ ఉన్నా కాదట!

కార్బన్ ఉంటే ఆర్గానిక్ కెమిస్ట్రీ, లేకుంటే ఇనార్గానిక్. ఇంటర్‌లో ఇలాగే బట్టీ పట్టారా? అయితే కాస్త గట్టిగా కూర్చోండి!

మీకు తెలుసా? కోహినూర్ అచ్చమైన కార్బన్. అయినా ఆర్గానిక్ కాదు! బరువు 105.6 క్యారెట్లు, అంటే 21 గ్రాముల పైచిలుకు. మన కొల్లూరు గనుల్లో దొరికిందంటారు. బ్రిటన్ రాణి కిరీటంలో చోటు సంపాదించింది కానీ, ఆర్గానిక్ పుస్తకంలో సంపాదించలేకపోయింది పాపం.

గోలీసోడాలో బుస్సుమనే కార్బన్ డయాక్సైడ్, వంటసోడా, సున్నపురాయి, ప్రాణం తీసే సైనైడ్... అన్నింట్లోనూ కార్బన్ ఉంది. అన్నీ ఇనార్గానిక్కే! ఎందుకని అడక్కండి. ఆచారం.

మీకు తెలుసా? ఆర్గానిక్ పదార్థాలు ప్రాణుల ఒంట్లోనే పుడతాయని, వాటికేదో 'ప్రాణశక్తి' కావాలని ఒకప్పుడు పెద్దపెద్ద శాస్త్రవేత్తలే నమ్మేవారు. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అనే 27 ఏళ్ల జర్మన్ కుర్రాడు మూత్రంలో ఉండే యూరియాను ల్యాబ్‌లో చేసేశాడు. మనిషిదో కుక్కదో మూత్రపిండం అక్కర్లేకుండానే చేశానంటూ గురువు బెర్జీలియస్‌కి ఉత్తరం కూడా రాశాడు. గురువుగారికి అంతకన్నా విచిత్రమైన గురుదక్షిణ ఎవరిస్తారు!

అసలు తమాషా ఇంకా ఉంది. అతను చేయబోయింది యూరియా కాదు, అమ్మోనియం సయనేట్. రెండింట్లోనూ అవే ఎనిమిది పరమాణువులు, కూర్చున్న వరుసే వేరు. వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందంటాం కదా, ఇక్కడ కోతిని చేయబోతే వినాయకుడయ్యాడు!

మీకు తెలుసా? రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలో యూరియాకు తల్లిదండ్రులు అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్. ఇద్దరూ ఇనార్గానిక్, పిల్ల మాత్రం ఆర్గానిక్! ఏడాదికి 12.7 లక్షల టన్నుల పిల్లని కనగల సత్తా ఉంది ఆ ఫ్యాక్టరీకి.

కెమిస్ట్రీ ఆర్గానిక్ అన్న ఆ యూరియాను ఆర్గానిక్ సాగులో గట్టు ఎక్కనివ్వరు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమంలో కార్బనే ఉండదు, దానికేమో షరతులతో ప్రవేశం!

మీకు తెలుసా? మందులన్నీ ఆర్గానిక్ అనుకుంటే పొరపాటే. క్యాన్సర్‌కి వాడే సిస్‌ప్లాటిన్‌లో ఒక్క కార్బన్ పరమాణువు లేదు. ప్లాటినం ఉంది! నగల షాపులోంచి నేరుగా సెలైన్ సీసాలోకి.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు రెండు పడవల్లోనూ కాలు పెట్టి మునగని మనిషి. 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫేట్ కొలిచే పద్ధతిని ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఇచ్చాడు. అది ఇనార్గానిక్. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆర్గానిక్.

చివరిగా ఒక్క లెక్క. 10 కార్బన్లు, 22 హైడ్రోజన్లు ఇస్తే కాగితం మీద ఎన్ని రకాల అణువులు కట్టొచ్చు? 75. కార్బన్లు 20, హైడ్రోజన్లు 42 అయితే? 3,66,319. మరి 40 కార్బన్లు, 82 హైడ్రోజన్లు? 62 లక్షల కోట్ల పైమాటే! ఇంటర్ పిల్లలూ, సిలబస్‌లో అన్నీ పెట్టలేదు. సంతోషించండి!