పగలని అద్దానికి పడే గీతలు

గుండుగొలను నుంచి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరే జాతీయ రహదారి మీద కంకర టిప్పర్లూ, కొల్లేటి చెరువుల నుంచి బయలుదేరిన చేపల లారీలూ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి కనుక, ముందు పోయే బండి చక్రం కింద నుంచి ఎగిరిన గులకరాయి వెనక వచ్చే కారు ముందద్దానికి తగలడం ఈ ప్రాంతంలో వింత విషయం కాదు. మామూలు కారుకైతే ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో దానికి సరిపోయే అద్దం దొరుకుతుంది, దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో తెప్పిస్తారు. కానీ ఏ కంపెనీ వరుసగా తయారు చేయని కారుకు, అంటే ఎన్నడో ఆగిపోయిన పేరున్న స్పోర్ట్స్ కారును చూసి చేతితో కట్టుకున్న నకలు కారుకు, అద్దం చిట్లితే దాని స్థానంలో ఏం పెట్టాలన్నది అంత సులువుగా తేలే ప్రశ్న కాదు. గాజుకు బదులు గట్టి ప్లాస్టిక్ పెట్టేస్తే పీడ వదులుతుంది కదా అని చాలామంది అనుకుంటారు. ఆ ఆలోచనలో నిజం ఉంది గాని, సగమే ఉంది.

నకలు కారు అంటే బొమ్మ కారు కాదు, నిజంగా రోడ్డు మీద పరుగెత్తేదే. 1954లో వచ్చిన పోర్షే 356 స్పీడ్‌స్టర్, 1962లో మొదలైన షెల్బీ కోబ్రా వంటి కార్ల అసలు ప్రతులు కోట్లు పలుకుతుండగా, వాటి ఆకారాన్ని ఫైబర్‌గ్లాసులో, అంటే గాజునార మీద రెసిన్ పూసి గట్టిపరచిన పలుచని పెంకులో, పోతపోసి, కింద వేరే కారు ఇంజనూ చట్రమూ అమర్చి అమ్మే పరిశ్రమ అమెరికాలో, ఇంగ్లండులో దశాబ్దాలుగా ఉంది. స్పీడ్‌స్టర్ నకళ్లలో చాలావాటికి కింద ఉండేది ఫోక్స్‌వాగన్ బీటిల్ చట్రమే. మన దేశంలో ఇటువంటివి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. చింకారా మోటార్స్ కట్టిన రోడ్‌స్టర్‌ను లోటస్ సెవెన్ కారుకు దూరపు చుట్టంగా చెప్పుకోవచ్చు. ఈ కార్లన్నిటికీ ఉమ్మడి బలహీనత ఒకటుంది. పైకప్పు లేని ఫైబరు ఒళ్లు ఉక్కు ఒంటిలా బిగువుగా నిలవదు. గోతిలో ఒక చక్రం దిగినప్పుడల్లా ముందద్దం నిలబడిన భాగం కాస్త మెలితిరుగుతుంది. ఆ మెలికకు ఒదిగే చోటు లేకుండా అద్దాన్ని లోహపు ఫ్రేములో బోల్టులతో బిగించేస్తే, రాయి తగలకుండానే ఒక మూల నుంచి బీట మొదలవుతుంది. యజమాని రాయిని తిట్టుకుంటాడు గాని చాలాసార్లు తప్పు ఫ్రేముదే.

గాజు ఎందుకు అంత తేలికగా చిట్లుతుందో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. నొక్కితే గాజు చాలా బరువు మోస్తుంది, లాగితేనే ఓడిపోతుంది. ఎంత నునుపుగా కనిపించినా దాని ఉపరితలం మీద కంటికి ఆనని గాట్లు అసంఖ్యాకంగా ఉంటాయనీ, గాజును వంచినప్పుడు లాగే బలమంతా ఆ గాటు మొన దగ్గర పోగుపడి దాన్ని లోపలికి చీల్చుకుపోతుందనీ ఇంగ్లండు ఇంజనీరు గ్రిఫిత్ 1921 నాటి పరిశోధన పత్రంలో లెక్కగట్టి చూపాడు. గాజు లోపల అణువులు ఒకదాని మీద ఒకటి జారి ఆ చీలికను ఆపే వీలు లేదు కనుక, మొదలైన బీట ఆగడం అరుదు. ఈ గుణాన్ని మార్చలేకే కార్ల తయారీదారులు దాని ఫలితాన్ని మార్చుకున్నారు. పక్క అద్దాలకు టఫెన్డ్ గాజు వాడతారు. బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చడం వల్ల అది పగిలినప్పుడు కత్తుల్లాంటి పెంకులుగా కాక అటుకుల్లాంటి ముక్కలుగా రాలుతుంది. ముందద్దానికి మాత్రం లామినేటెడ్ గాజు, అంటే రెండు గాజు పలకల నడుమ పల్చటి ప్లాస్టిక్ పొర అంటించినది, వాడతారు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో 1903లో పైనుంచి కింద పడిన ఒక గాజు కుప్పె పగిలి కూడా విడిపోలేదనీ, లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ముక్కల్ని పట్టి ఉంచిందనీ, దాని నుంచే ఈ ఆలోచన పుట్టిందనీ చెబుతారు. 1909లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఆ మొదటి పొర ఎండకు పసుపుబారిపోయేది, ఈ మాట తర్వాత పనికివస్తుంది. ఇప్పుడు వాడేది పాలివినైల్ బ్యుటిరాల్ అనే పొర. దాని మందం సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. రాయి తగిలితే బయటి పలక నక్షత్రంలా చిట్లుతుంది, లోపలి పలక నిలుస్తుంది, డ్రైవరు ముఖం మీద గాజు పడదు.

మరి నకలు కారుకు అటువంటి అద్దమే చేయించుకోవచ్చు కదా అంటే, చేతిపనికి లొంగని వస్తువు ఏదైనా ఉందంటే అది వంపు తిరిగిన గాజే. విజయవాడ ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టిన తరాల పనివాళ్లు రేకును ఏ ఆకారానికైనా వంచగలిగినా, పాత లారీ క్యాబిన్ల ముందు రెండు చదునైన అద్దపు ముక్కలనే నడుమ పట్టీతో కలిపి బిగించేవారు. హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ చెప్పు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో కట్టిన కార్లను చూసినవారికి మన వర్క్‌షాపుల చేతివాటం మీద సందేహం ఉండదు. గాజు సంగతి వేరు. దానికి అచ్చు కావాలి, ఆరు వందల డిగ్రీలు దాటే కొలిమి కావాలి, నెమ్మదిగా చల్లార్చే ఓపిక కావాలి. ఒక్క కారు కోసం ఒక్క అచ్చు చేయడం అంటే ఒక్క పెళ్లికి ఒక కల్యాణ మండపం కట్టడమే. అందుకే నకలు కార్ల లోకంలో కళ్లు ప్లాస్టిక్ వైపు తిరుగుతాయి.

ప్లాస్టిక్ అన్నప్పుడు రెండింటిని వేరుచేసి చూడాలి. ఒకటి యాక్రిలిక్, షాపుల బోర్డులకూ అక్వేరియాలకూ వాడేది. అది గాజు కంటే గట్టిదే గాని దెబ్బ గట్టిగా తగిలితే అదీ పెళుసుగానే విరుగుతుంది. రెండోది పాలికార్బొనేట్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీ శాస్త్రవేత్త హెర్మన్ ష్నెల్, అదే ఏడాది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్త డేనియల్ ఫాక్స్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని తయారుచేశారు. మాక్రోలాన్, లెక్సాన్ అనేవి ఆ రెండు కంపెనీలు పెట్టిన పేర్లు. ఆ పేర్లు తెలియకపోయినా ఈ వస్తువు తెలియని ఇల్లు లేదు: హెల్మెట్ ముందు దించుకునే వైజరూ, కారు హెడ్‌లైటు మీది పారదర్శకపు మూతా, చాలా ఏళ్లుగా ఇంటింటికీ తిరిగిన నీలిరంగు ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాల్లో పెద్ద భాగమూ పాలికార్బొనేటే. ఆటో డ్రైవరు ఆ డబ్బాను భుజం మీద నుంచి అరుగు మీదకి దబ్బున దించినా అది పగలకపోవడానికి కారణం, దీనిలోని పొడవాటి అణుగొలుసులు దెబ్బ తగిలినప్పుడు తెగకుండా సాగి, ఒకదాని పక్క ఒకటి జారి, ఆ శక్తిని మింగేయడమే. ఒకే మందం ఉన్న గాజుతో పోలిస్తే దెబ్బకు 250 రెట్లు తట్టుకుంటుందని షీట్ల తయారీదారులు లెక్క చెబుతారు. బరువు కూడా సగమే, 1.2 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం గల గాజు అద్దం ఆరు కిలోలు తూగితే పాలికార్బొనేట్‌ది మూడు కిలోలకు లోపే. అమెరికాలో నాస్కార్ పందేల కార్లకు ముందద్దం ఇదే, ఎఫ్-16 యుద్ధవిమానం పైలట్ తల మీది గుమ్మటమూ ఇదే.

ఇంతవరకూ లాభాలే. అయితే పగలని వస్తువుకు గీతలు పడవని ఎవరూ హామీ ఇవ్వలేదు. దెబ్బను మింగే మెత్తదనమే గీతను కూడా ఆహ్వానిస్తుంది. నల్లజర్ల చుట్టుపక్కల మెట్ట ప్రాంతపు ఎర్రనేల దుమ్ములో ఉండే ఇసుక రేణువులు క్వార్ట్జ్, అంటే గాజును సైతం గీయగలవి. వాటితో కూడిన పొడి అద్దం మీద వైపర్ ఒకసారి అటూ ఇటూ తిరిగితే చాలు, పూత లేని పాలికార్బొనేట్ మీద విల్లు ఆకారంలో గీతలు తేలతాయి. పగలు అవి కనబడవు. రెండేళ్లు వాడిన హెల్మెట్ వైజరు దించుకుని రాత్రి ఎదురు వచ్చే లారీ దీపాన్ని చూసినవారికి తెలుస్తుంది, ఆ దీపం దీపంలా ఉండదు, దారంతా విరబోసుకున్న కాంతి జడలా ఉంటుంది. చలికాలపు తెల్లవారుజామున కొల్లేటి వైపు పొగమంచులో నడిపేటప్పుడు ఈ మిరుమిట్లు రాయిదెబ్బ కంటే ప్రమాదకరం. సాయంత్రం చేపల చెరువుల మీది నుంచి లేచి అద్దానికి అతుక్కునే పురుగుల్ని పొడిగుడ్డతో రుద్దితే ఇదే జరుగుతుంది. దీనికి విరుగుడుగా కర్మాగారంలోనే సిలికాన్ ఆధారిత గట్టిపూత పూసిన షీట్లు వస్తాయి, నకలు కారుకు పెట్టదలచినవారు అవి తప్ప వేరేవి కొనకూడదు. అయినా ఆ పూత అమరం కాదు. పదేళ్లు దాటిన కారు హెడ్‌లైట్లు తేనెరంగుకు తిరగడానికి కారణం వాటి మీది పూత ఎండకు అరిగిపోవడమే. బెనెడిక్టస్ కాలం నాటి సెల్యులోజ్ పొరను పసుపు చేసిన సూర్యుడే నేటి ప్లాస్టిక్‌నూ చేస్తున్నాడు.

రెండో చిక్కు వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఈ జిల్లాల్లో అందరి నోటా ఉన్నదే గాని, ప్లాస్టిక్ విషయంలో పగలడానికి ముందు ఉబ్బడం ఉంటుంది. పాలికార్బొనేట్ వేడికి గాజు కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 1.2 మీటర్ల పలక జనవరి ఉదయానికీ మే నెల మధ్యాహ్నపు ఎండలో నిలిపిన కారు మీది వేడికీ మధ్య నలభై డిగ్రీల తేడా చూస్తే మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. గాజైతే అర మిల్లీమీటరు కూడా పెరగదు. కనుక పాత గాజు బోల్టులకు సరిగ్గా సరిపడే రంధ్రాలే ఇందులోనూ వేస్తే ఆ మూడు మిల్లీమీటర్లకు చోటుండదు, పలక మధ్యలో ఉబ్బుతుంది, లేదా రంధ్రం అంచు నుంచి సన్నని తెల్లటి వెంట్రుకల్లాంటి చీలికలు పుడతాయి. పని తెలిసినవారు షీటు రెండు వైపులా ఉన్న రక్షణ పొరను తీయకుండానే దాని మీద పెన్సిలుతో గీసి, సన్నపళ్ల రంపంతో కోసి, అంచును నున్నగా గీకి, ప్రతి రంధ్రాన్నీ బోల్టు కంటే వెడల్పుగా పెట్టి, మధ్యలో రబ్బరు వాషరు వేసి, బోల్టును వేలితో తిప్పగలిగిన దాని కన్నా కొంచెమే ఎక్కువ బిగిస్తారు. వంచడానికి కొలిమి అక్కరలేదన్నది ఇక్కడ దొరికే సౌకర్యం: పూత లేని షీటును చల్లగానే దాని మందానికి వంద రెట్ల వ్యాసార్ధం వరకు, అంటే 5 మిల్లీమీటర్ల షీటును అర మీటరు వ్యాసార్ధపు వంపు దాకా, వంచవచ్చు, గట్టిపూత ఉన్న షీటు అంతకన్నా తక్కువ వంపుకే ఒప్పుకుంటుంది.

బోల్టు కదలకుండా ఉండటానికి పూసే కొన్ని లాకింగ్ జిగుర్లు పాలికార్బొనేట్‌కు తగిలితే ఆ చోటే చీలుతుంది. అసిటోన్, పెట్రోలు, అమ్మోనియా కలిసిన, అద్దాలు తుడిచే ద్రావకాలు కూడా అంతే. గ్యారేజీల్లో అలవాటుగా పెట్రోలు గుడ్డతో అద్దం తుడిచే చేతికి ఈ వస్తువును అప్పజెప్పరాదు.

ఇక చట్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధన ముందద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలని చెబుతుంది, కార్ల ముందద్దానికి లామినేటెడ్ గాజును కోరుతుంది. 2020లో చేసిన సవరణ సేఫ్టీ గ్లేజింగ్ అనే విశాలమైన పదాన్ని చేర్చినా, ప్రమాణాలకు నిలబడి పరీక్ష నెగ్గిన వస్తువుకే అది వర్తిస్తుంది గాని షాపులో కోసి ఇచ్చిన ప్లాస్టిక్ షీటుకు కాదు. ఏ కారు ముందద్దం మూల చూసినా ఐఎస్ఐ గుర్తు, పక్కన ఐఎస్ 2553 అన్న అంకె ముద్రించి ఉంటాయి. పైగా తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుండగా, 2019లో సుప్రీంకోర్టు ఆ మాటను మరింత గట్టిగా నొక్కి చెప్పింది. అమెరికాలోనూ రోడ్డు మీద నడిచే కారు ముందద్దానికి ఏఎస్-1 అనే ముద్ర ఉండాలి, అది లామినేటెడ్ గాజుకే దక్కుతుంది. అక్కడి నకలు కార్ల యజమానులూ పందెపు బాట మీద ప్లాస్టిక్‌నూ, రోడ్డు మీద గాజునూ వాడక తప్పని స్థితిలోనే ఉన్నారు.

కాబట్టి పందెపు బాట మీద తిరిగే కారుకు పాలికార్బొనేట్ సరే. రోడ్డెక్కే కారుకు మాత్రం ముందుగా చేయవలసింది ఫ్రేమును సడలించడం, అద్దం చుట్టూ మెత్తటి రబ్బరు బీడింగు అమర్చడం. ఆ తర్వాత చదునుగా లేదా స్వల్ప వంపుతో గీసుకున్న ఆకారానికి లామినేటెడ్ గాజును కోయించడం. ప్లాస్టిక్ పెట్టినవారు మాత్రం తుడిచే ముందు ఒక చెంబెడు నీళ్లు పైనుంచి ధారగా పోసి ఎర్రదుమ్మును కిందికి జారనిచ్చి, అటుపై తడి నూలుగుడ్డను ఒకే దిశలో లాగాలి.