పడిన మూడో రోజు భుజం నొప్పి

షార్జాలో మేం పనిచేసే సైట్లో షట్టరింగ్ చేసే జగిత్యాల తమ్ముడొకడు స్కాఫోల్డింగ్ మీంచి జారాడు. ఎడమవైపు పక్కటెముకలకు పైపు తగిలింది. లేచి బట్టలు దులుపుకుని 'ఏం కాలేదన్నా' అన్నాడు. డ్యూటీ పోతే జీతం కోస్తారని అతని భయం. రిపోర్టు రాస్తే పైవాళ్లతో మాట పడాలని మా భయం. నొప్పి మాత్ర ఇచ్చి రూముకు పంపేశాం.

మూడో రోజు రాత్రి ఎడమ భుజం పీకుతోందన్నాడు. భుజానికి దెబ్బే తగల్లేదు! ముఖం పాలిపోయింది, ఒళ్లంతా చెమట, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిచాం.

సీటీ స్కాన్‌లో అసలు సంగతి బయటపడింది. ప్లీహం చిట్లి, లోపల రక్తం కారుతోంది. ఆ రక్తం ఉదరవితానానికి తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుందట. పైగా ప్లీహానికి రక్తం మోసే ధమని కొమ్మ ఒకటి చిరిగి, పక్కన బుడగలా ఉబ్బింది. దీన్నే సూడో ఎన్యూరిజం అంటారు. మామూలు ఎన్యూరిజంలో ధమని గోడే సాగి ఉబ్బుతుంది. ఇందులో గోడ చిరిగి, బయటికొచ్చిన రక్తాన్ని చుట్టూ ఉన్న కణజాలం మాత్రమే ఆపుతుంది. అరుదైనదే కానీ ఎప్పుడైనా పగలొచ్చు.

పొట్ట కోసి ప్లీహం తీసేస్తారనుకున్నాం. డాక్టర్లు తొడ మొదట్లో సూదంత రంధ్రం చేసి, సన్నని గొట్టాన్ని ధమనిలోంచి ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఉబ్బు దాకా పంపారు. అక్కడ చిన్న లోహపు స్ప్రింగులు పెట్టారు. వాటి చుట్టూ రక్తం గడ్డకట్టి, ఉబ్బుకు సరఫరా ఆగిపోయింది. కాయిల్ ఎంబోలైజేషన్ అంటే ఇదే. సూది, తీగ, గొట్టం వరుసగా లోపలికి పంపే ఈ పద్ధతికి 1953లో స్వీడన్ డాక్టర్ సెల్డింగర్ దారి చూపాడు. ఇన్ఫెక్షన్లతో పోరాడే ప్లీహం ఒంట్లోనే మిగలడం పెద్ద లాభం. అయితే అందరికీ ఇది కుదరదు. రక్తం బాగా పోయి బీపీ నిలబడకపోతే ఆపరేషనే దిక్కు.

'అమ్మకు చెప్పకన్నా' అని ఆస్పత్రిలో మా చెయ్యి పట్టుకున్నాడు. ఇంకో రాత్రి ఆగి ఉంటే ఆమెకు ఏం చెప్పేవాళ్లం?

డాక్టర్ సరేననే దాకా బరువు ఎత్తొద్దన్నారు. మళ్లీ స్కాన్‌కు రమ్మన్నారు. ఇప్పుడు మా సైట్లో ఎవరు పడ్డా, నవ్వుతూ లేచినా, ముందు ఆస్పత్రి, తర్వాత డ్యూటీ. రిపోర్టు మేమే రాస్తున్నాం. తమ్ముళ్లూ, పొట్టకు గానీ పక్కటెముకలకు గానీ దెబ్బ తగిలితే దాచకండి. రోజు కూలి మళ్లీ వస్తుంది.