లండను నగరమున క్రిస్మసు

2023 ధనుర్మాసమున నేనును నా భార్యయు లండనులో మా కుమార్తె యింట నుంటిమి. క్రిస్మసునాడు ఆ మహానగరము మన తిరుపతి బ్రహ్మోత్సవమువలె జనులతో క్రిక్కిరిసి యుండునని తలచితిని. పొరపాటు. సందడి యంతయు ముందుదినములదే. డిసెంబరు 25న అచట భూగర్భపు రైళ్లు గాని నగరపు బస్సులు గాని నడువవు. పెద్ద యంగళ్లు తెరువరు. ఎవరి కుటుంబముతో వారు భోజనమునకు గూర్చుందురు.

మా యమ్మాయి వైద్యురాలు. రోగమునకు పండుగ లేదు గదా! తెల్లవారకమున్నే ఆసుపత్రికి పోయినది. తెల్లవారుటయు నచట ఎనిమిది గంటలకే. మన చిత్తూరు భూమధ్యరేఖకు 13 డిగ్రీల యుత్తరమున నుండగా లండను 51 డిగ్రీలు దాటియున్నది. కావున శీతకాలమున పగలు మిక్కిలి కురుచ. నాలుగింటికే లేచి ముగ్గుపెట్టు నా భార్యకు ఆ చీకటి యెంతకును గడవదు. పులిహోర కలిపి, "పండుగపూట పిల్ల యెండురొట్టె తినవలెనా?" యనెను. ఆసుపత్రి నాలుగు మైళ్లు. "అలిపిరి మెట్లు 3550 ఎక్కినవారము, చదునుబాట నడువలేమా?" యనెను. నడచితిమి.

దారిలో ట్రఫాల్గరు కూడలియందు దీపములతో నొక మహావృక్షము నిలిచియున్నది. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటను చేసిన సాయమునకు కృతజ్ఞతగా, నార్వే దేశపు ఓస్లో నగరవాసులు 1947 నుండి యేటేట నిట్టి చెట్టును పంపుచున్నారు. ఆ యుద్ధకాలమున వారి రాజు హాకన్ లండనుననే తలదాచుకొనెను. ఇన్నేండ్లు మేలు మరువనివారు మన యూళ్లలో నెందరు?

మా యమ్మాయి ఆసుపత్రి వాకిటికి వచ్చినది. కన్నులు తుడుచుకొని, చల్లారిన పులిహోరను తోడి నర్సులకును పంచినది. నాలుగు గంటలకే ప్రొద్దు గ్రుంకెను. తిరుగుదారియు నాలుగు మైళ్లే.